సంతకం రాని నంబరు

నేను ఒక హెడ్‌ఫోన్‌ను. పాటలు వినే రకం కాదు, మనుషుల మాటలు వినే రకం. విశాఖపట్నం దాటాక సముద్రం పక్కన ఒక కొండ మీద, పేరు బోర్డు లేని రెండంతస్తుల భవనంలో నాలుగో బల్ల నాది. కొండ కింద ఊళ్ళవాళ్ళు ఆ భవనాన్ని వాతావరణ కేంద్రం అనుకునేవారు. మబ్బు పట్టినప్పుడు గేటు దాకా వచ్చి, వేటకి వెళ్ళొచ్చా అని కాపలా మనిషిని అడిగేవారు. అతను తలెత్తి ఆకాశాన్ని కాసేపు చూసి, తోచింది చెప్పి పంపేవాడు.

నన్ను చేసింది చెన్నై శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో. నాతో పాటు తయారైనవి కొన్ని రైల్వే విచారణ కేంద్రాలకు వెళ్ళాయి, కొన్ని బ్యాంకుల కాల్ సెంటర్లకు వెళ్ళాయి. తమకు ఫోన్ చేసేవాళ్ళ కోసం మనుషులు వాటిని కొన్నారు. తమకు ఫోన్ చేయనివాళ్ళ కోసం నన్ను కొన్నారు.

నన్ను మొదట పెట్టుకున్నవాడు కృపానందం. నౌకాదళంలో సిగ్నల్స్ పని చేసి, ఆ తర్వాత ఈ సంస్థలో చేరాడు. సంస్థ పని సముద్రం మీద తిరిగే విదేశీ ఓడల మాటలు వినడం. ఆయుధాలు తెచ్చే ఓడలుంటాయి, మత్తుమందు తెచ్చేవుంటాయి, దొంగతనంగా చేపలు పట్టేవుంటాయి. కృపానందానికి వాటి గొంతులు ఇంటి మనుషుల గొంతుల్లా తెలుసు. రిటైరయ్యే రోజున నన్ను దమయంతి చేతికిస్తూ అతను చెప్పిన మాట ఒక్కటే.

"అమ్మా, ఓడ మాట్లాడితే ఎంతసేపైనా విను. మన మనిషి మాట్లాడితే మాత్రం ముందు ఉత్తర్వు చూడు."

ఆ మాటలో ఉన్న చట్టం ఇది. మన దేశంలో ఉన్న మనిషి ఫోన్ వినాలంటే హోం శాఖ కార్యదర్శి సంతకంతో ఉత్తర్వు ఉండాలి. మరీ తొందరైతే స్టేషన్ అధిపతి తన బాధ్యత మీద మొదలుపెట్టవచ్చు. ఏడు పనిదినాల్లోపు పైనుంచి సంతకం రాకపోతే ఆపేయాలి. ఆ తర్వాత విన్నదేదీ వాడకూడదు, చెరిపేయాలి. ఇదంతా సక్రమంగా జరుగుతోందా లేదా అని రెండు నెలలకోసారి ఒక సమీక్షా సంఘం వచ్చి చూస్తుంది. లోపల విన్నది ఎవరైనా బయట చెబితే జైలు.

దమయంతిది బొబ్బిలి. పోలీసు శాఖలో ఎస్సైగా చేసి, డెప్యుటేషన్ మీద ఇక్కడికి వచ్చింది. తెలుగులో ఏ తీరంవాళ్ళు ఎలా మాట్లాడతారో ఆమెకు బాగా తెలుసునని తీసుకున్నారు. తలకి కొబ్బరినూనె ఎక్కువ రాసుకునేది. నా మెత్తలు ఆమె వచ్చిన నెలలోనే నల్లబడ్డాయి. వినేటప్పుడు కళ్ళు మూసుకునేది. ఆమె కణత దగ్గర నాడి కొట్టుకోవడం నాకు తెలిసేది. మొహం మీద ఏమీ కనిపించనివ్వని మనిషే గాని, ఆ నాడి నా దగ్గర ఏదీ దాచలేదు.

ఆ ఏడాది వానాకాలం ముందు, మేము కనిపెట్టుకుని ఉన్న ఒక విదేశీ ఓడ నుంచి మన తీరంలోని ఒక సెల్‌ఫోన్‌కి కాల్ వెళ్ళింది. ఆ నంబరు గనగళ్ళ ఎర్రమ్మది. కొండకి ఉత్తరాన ఉన్న బెస్తవాడల మహిళా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. స్టేషన్ అధిపతి వర్మ గారు వెంటనే తన బాధ్యత మీద ఆ నంబరు వినమన్నారు. అది న్యాయమే. ఆ ఓడ మంచి ఓడ కాదు.

రెండో రోజుకే సంగతి తేలిపోయింది. ఆ ఓడలో వంటవాడు తాతారావు అని ఎర్రమ్మ అక్క కొడుకు. తల్లికి కంటి ఆపరేషన్ అయ్యిందా లేదా అని కెప్టెన్ చూడకుండా ఓడ ఫోన్ నుంచి పిన్నికి చేశాడు. దమయంతి అదే రాసిచ్చింది. ఇందులో ఏమీ లేదు, ఆపేయవచ్చు అని కింద ఒక వాక్యం చేర్చింది.

వర్మ గారిది భీమవరం వైపు. ఎవరినీ కసరడు, చిన్నవాళ్ళని కూడా గారు అనే పిలుస్తాడు. "ఉంచండి దమయంతి గారూ, పైనుంచి సంతకం వచ్చేస్తుంది. దారిలో ఉందండి" అన్నాడు.

సంతకం రాలేదు. వస్తుందని అతను కూడా అనుకోలేదని నాకు తర్వాత అర్థమైంది. ఎర్రమ్మ వాళ్ళ ఊళ్ళ దగ్గర ఒక పెద్ద కంపెనీ జెట్టీ కట్టబోతోంది. అది కడితే పడవలు దింపుకునే ఒడ్డు పోతుంది. ఆడవాళ్ళంతా ఎర్రమ్మ వెనక నిలబడి అడ్డం తిరిగారు. వాళ్ళేం చేయబోతున్నారో ముందే తెలిస్తే బాగుండునని పైన ఎవరికో అనిపించింది. ఓడ కోసం తెరిచిన చెవి జెట్టీ కోసం తెరిచే ఉండిపోయింది.

ఏడు పనిదినాలు గడిచిపోయాయి. కాగితాల మీద ఆ నంబరు ఆపేసినట్టు రాశారు. నా వైరు మాత్రం ఎవరూ తీయలేదు.

ఇక నేను విన్నవన్నీ ఎర్రమ్మ మాటలు. ఎండు చేపల ధర, కోడలి పురిటి నొప్పులు, సంఘంలో ఎవరు ఎవరి మీద అలిగారు. వాటి మధ్యలో, కలెక్టరు ఆఫీసు ముందు ఎప్పుడు కూర్చోవాలి, ఏ ఊరి నుంచి ఏ బండి రావాలి. దమయంతి వాటి సారం రాసి వర్మ గారికిచ్చేది. కూర్చోవాల్సిన రోజు రాగానే ఆ బళ్ళన్నీ టోల్‌గేటు దగ్గరే ఆగిపోయేవి.

మూడోసారీ అలాగే జరిగాక ఎర్రమ్మ ఫోన్లో ఎవరితోనో అంది. "మనలోనే ఎవులో సెప్పేస్తన్నారు. లేకపోతే పోలీసోలికి బండి నెంబర్లతో సహా ఎలగ తెలుస్తాది?"

ఆ ఎవరో గౌరమ్మ అని వాళ్ళు తేల్చుకున్నారు. గౌరమ్మ ఎర్రమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరూ ఒకే గంపలో చేపలు పెట్టుకుని పక్కపక్కనే కూర్చుని అమ్మిన మనుషులు. ఆమె అల్లుడు హోంగార్డు. వాళ్ళకి ఆ సాక్ష్యం చాలింది. గౌరమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "ఎర్రీ, నా పిల్లల మీద ఒట్టు. నాను ఎవులికీ సెప్పలేదే." ఎర్రమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత గౌరమ్మ నంబరు నుంచి చాలా కాల్స్ వచ్చాయి. ఎర్రమ్మ ఒక్కటీ తీయలేదు.

ఆ పూట దమయంతి నన్ను తీసి బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ పెట్టుకుంది. వర్మ గారి గదిలోకి వెళ్ళినప్పుడు నేను ఆమె మెడలోనే ఉన్నాను.

"సార్, ఆ నంబరు ఆపేద్దామండి. గడువు అయిపోయి చాన్నాళ్ళయింది."

"మీకెందుకండీ ఆ బెంగ? ఆపేసినట్టే ఉంది కదా కాగితంలో."

"కాగితంలో ఉందండి. బల్ల మీద లేదు."

అతను నవ్వాడు. "మీ డెప్యుటేషన్ ఇంకో ఏడాది పొడిగించమని నిన్ననే రాశానండి. పిల్లాడి చదువు ఇక్కడే అన్నారు కదా." ఆ మాట అంటున్నప్పుడు కూడా అతని గొంతు చాలా ఆప్యాయంగా ఉంది. మనుషుల్లో నాకు అర్థంకానిది ఇదే. బెదిరింపుని కూడా మజ్జిగ గ్లాసులా రెండు చేతులతో పట్టుకుని అందించగలరు.

దమయంతి వెనక్కి వచ్చి కూర్చుంది.

అప్పుడే వాయుగుండం పట్టింది. ఎర్రమ్మ పక్క ఊరి పడవ ఒకటి ఆరుగురితో వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. గాలి తగ్గాక తీరరక్షక దళం ఓడా, హెలికాప్టరూ వెతికాయి. ఏమీ దొరకలేదు. కొన్నాళ్ళు చూసి వెతకడం ఆపేశారు. ఎర్రమ్మ జెట్టీ మాట వదిలేసి ఆ పడవ కోసమే ఫోన్లు చేస్తూ తిరిగింది. మత్స్యశాఖకి, ఒడిశా వైపు తెలిసినవాళ్ళకి, ఎమ్మెల్యే మనిషికి. అందరూ చూద్దామన్నారు. ఆ ఆరుగురి ఇళ్ళ ఆడవాళ్ళు ఆమె ఫోన్ తీసుకుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవారు. వాళ్ళ గొంతులు నాలోంచి దమయంతి చెవిలోకి వెళ్ళేవి. ఆమె అవేవీ రాయలేదు. రాయడానికి పైవాళ్ళకి కావలసిందేమీ వాటిలో లేదు.

సమీక్షా సంఘం వచ్చిన రోజు ఉదయం భవనమంతా ఫినాయిల్ వాసన. సంఘం తరఫున వచ్చింది న్యాయశాఖ అధికారిణి శేషప్రభ. కర్నూలు మనిషి, మాట తక్కువ. వచ్చినప్పుడల్లా ఆమెని సముద్రం కనిపించే గదిలో కూర్చోబెట్టి, ఫైళ్ళూ జీడిపప్పూ ముందు పెట్టేవారు. ఆమె ఫైళ్ళు చదివేది, జీడిపప్పు ముట్టుకునేది కాదు. కానీ బల్లల దగ్గరికి ఎన్నడూ రాలేదు. రావచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె ఆ గదిలో ఉండగానే ఎర్రమ్మ నంబరుకి కాల్ వచ్చింది. తాతారావు. గొంతు బాగా తగ్గించి, గబగబా మాట్లాడుతున్నాడు.

"పిన్నీ, ఇంటన్నావా? మనోల పడవొకటి సూసినాను. ఇంజను లేదు, కొట్టుకుపోతన్నాది. మన రంగులే, నీలం మీద పసుపు గీత. మనుసులున్నారు, లుంగీ ఊపుతన్నారు. మా కెప్టెను ఆపనన్నాడు. నెంబర్లు సెప్తాను, రాసుకో."

ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెల్లో చదివాడు. తెర మీద కనిపించినట్టుగా, ఇంగ్లీషులో, రెండుసార్లు.

అటు ఎర్రమ్మ అరుస్తోంది. "అలో, ఎవులు? ఇనపడ్డంనేదు. అలో." వాయుగుండానికి వాళ్ళ ఊరి టవరు దెబ్బతింది. మేము వినే తీగ ఎక్స్‌ఛేంజి దగ్గర ఉంటుంది. అక్కడిదాకా వచ్చిన మాట మాకు పూర్తిగా వినిపించింది. అక్కడి నుంచి ఆమె దాకా చేరలేదు. తాతారావు "కెప్టెను వచ్చేస్తన్నాడు" అన్నాడు, లైను తెగింది. మళ్ళీ చేయలేదు.

ఆ ఆరుగురు బతికి ఉన్నారని ఒడ్డు మీద తెలిసింది దమయంతి ఒక్కదానికే. తెలిసిన దారి మాత్రం చట్టం ప్రకారం లేనిది. కణత దగ్గర నాడి ఎంత వేగంగా కొట్టుకుందంటే, నా మెత్త దాంతో పాటు కదిలింది.

ఆమె వర్మ గారిని వరండాలోకి పిలిచి చెప్పింది. అతను మొదట నిజంగానే సంతోషించాడు. "అలాగా? బతికే ఉన్నారా?" అన్నాడు. ఆ వెంటనే తలుపు వైపు చూశాడు.

"ఆవిడ సాయంత్రం వెళ్ళిపోతారండి. వెళ్ళాక ఎవరి చేతో చెప్పిస్తాను."

"సాయంత్రానికి పడవ అక్కడుండదు సార్. గాలికి కొట్టుకుపోతాది."

"ఇప్పుడు చెబితే ఎలా విన్నారని అడుగుతారు కదండీ. గడువు దాటాక మనం వినకూడదు. వినకూడనిది మనం వినలేదు. చట్టం మాటే చెబుతున్నాను నేను."

"నాను విన్నాను సార్."

"మీరు చాలా అలసిపోయారండి. ఇవాళ్టికి ఇంటికి వెళ్ళండి."

దమయంతి కదల్లేదు. అతను ఫైళ్ళ గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె వరండాలో ఒక్కతే నిలబడింది, నేను మెడలో, నా తీగ చీర కొంగు మీదుగా వేలాడుతూ. కింద సముద్రం మామూలుగానే ఉంది. ఆమె ఎవరికి ఫోన్ చేసినా నేరమే. ఎర్రమ్మకి చేసినా, తీరరక్షక దళానికి చేసినా. ఆ భవనంలో విన్నది చెప్పడానికి చట్టం ఆమెకు మిగిల్చిన గడప ఒక్కటే. ఆ గడప అవతల జీడిపప్పు ముట్టుకోని మనిషి కూర్చుని ఉంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"మేడమ్, నాలుగో బల్ల దగ్గరికి ఒకసారి వస్తారా. అక్కడ పని ఎలా జరుగుతోందో చూసే అధికారం మీకుంది."

వర్మ గారు లేచి నిలబడ్డాడు. "ఆవిడకి ఒంట్లో బాగోలేదండి, మీరు ఏమీ అనుకోకండి."

శేషప్రభ అతన్ని చూడలేదు. దమయంతి చేతులు చూసింది. ఆ వేళ్ళు నా తీగని గట్టిగా చుట్టుకుని ఉన్నాయి. ఆమె కళ్ళద్దాలు తీసుకుని లేచింది.

ఆ భవనం కట్టాక ఒక సమీక్షాధికారి నన్ను పెట్టుకోవడం అదే మొదలు. ఆమె చెవి కమ్మలు నా మెత్తల్లో గుచ్చుకున్నాయి. తాతారావు మాటలు మొత్తం వింది. మళ్ళీ వేయమని అంకెలు రాసుకుంది. తర్వాత నన్ను తీయకుండానే అడిగింది. "ఈ నంబరు మీద ఉత్తర్వు ఏదీ?"

బల్ల మీద తెరలో ఎర్రమ్మ నంబరు పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

వర్మ గారే ముందు తేరుకున్నాడు. "మేడమ్, ఒక పొరపాటు జరిగింది. దాన్ని మీరు రాసుకోండి, నేను జవాబు చెప్పుకుంటాను. కానీ ఈ సమాచారం వాడడానికి వీల్లేదండి. గడువు దాటాక విన్నది వాడకూడదని నియమం. దాన్ని కాపాడాల్సిన మీరే దాటితే రేపు ఎవరైనా ఏదైనా వినేసి, మంచిపనికే విన్నామంటారు."

అతని మాటలో బలం ఉంది. నాడి శేషప్రభకీ వేగంగానే కొట్టుకుంటోంది. కళ్ళు మూసుకుంది.

"ఆ నియమం ఆ ఇల్లాలి మీద మీరు చేతులు వేయకుండా రాసింది" అంది చివరికి. "ఆరుగురిని నీళ్ళలో వదిలేయడానికి రాసింది కాదు. ఆమె మీద ఒక్క అక్షరం కూడా ఇందులోంచి వాడనివ్వను. ఇప్పుడు నేను చేసే ఫోను నా పేరు మీద చేస్తాను. తప్పయితే నన్నే అడగనీ."

తీరరక్షక దళానికి ఫోన్ చేసి, తన పేరూ పదవీ చెప్పి, అంకెలు చదివింది. ఎక్కడిది సమాచారం అని అటునుంచి అడిగారు. "చెప్పను. చెప్పనన్నదని రాసుకోండి" అంది.

రిసీవరు పెట్టేసి, దమయంతి వైపు తిరిగింది. "ఆ లైను ఆపమ్మా."

దమయంతి చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళి ఆగింది. "మేడమ్, వాళ్ళకి కబురు అందిందో లేదో తెలిసేదాకా ఉంచుదామా. ఈ ఒక్క పూట."

"అందుతుంది."

"ఆవిడ ఎంత ఏడ్చిందో నాను విన్నాను మేడమ్. సంతోషం కూడా వినాలని ఉంది."

"నాకూ ఉంది" అంది శేషప్రభ. "ఆపు."

దమయంతి ఆపింది.

మర్నాడు పొద్దున పడవ దొరికింది. ఐదుగురు బతికారు. అందరిలోకి పెద్దవాడు, పడవ నడిపే మనిషి, ముందు రోజే పోయాడు. వాళ్ళని ఒడ్డుకి తెచ్చినప్పుడు ఎర్రమ్మ ఏమందో, ఎవరికి ఫోన్ చేసి ఎలా చెప్పిందో నాకు తెలియదు. ఆమె మాటల్లో నేను అన్నిటికన్నా వినాలనుకున్నది అదే. అది మాత్రం ఆమెకే దక్కింది.

తర్వాతి సంగతులు నెమ్మదిగా జరిగాయి. వర్మ గారికి మందలింపు ఇచ్చి ఢిల్లీకి బదిలీ చేశారు. అక్కడ ఇంకా పెద్ద గది ఇచ్చారని చెప్పుకున్నారు. దమయంతిని వెనక్కి పోలీసు శాఖకి పంపేశారు. గడువు దాటాక విన్నదంతా శేషప్రభ కళ్ళ ముందే చెరిపేశారు. ఎర్రమ్మకి జరిగింది తెలియజేయాలని ఆమె ఒక సిఫారసు పంపింది. ఎవరి మాటలు విన్నారో వాళ్ళకి ఆ సంగతి చెప్పాలనే నియమం ఏదీ మన చట్టంలో లేదని పైనుంచి జవాబు వచ్చింది. లేదన్న మాట నిజమే.

నన్ను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి లక్క ముద్ర వేసి బీరువాలో దాచారు. విచారణ మొదలయ్యాక, ఏ సాధనంతో విన్నారో చూపించడానికి బల్ల మీద పెట్టేవారు. దమయంతి అక్కడికి ఒక్కసారే వచ్చింది. తలకి నూనె తక్కువ రాసుకుంది. విచారణాధికారి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన తెలుగువాడు, చిన్న వయసు, అడిగినవన్నీ చూసుకుని అడుగుతున్నాడు. ఆమె అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చివరికి అతను, రివాజుగా, పై అధికారులకి గాక బయటివాళ్ళెవరికైనా ఏమైనా చెప్పారా అని అడిగాడు.

"చెప్పాను" అంది.

అతను తలెత్తాడు. "ఎవరికి?"

"ఎర్రమ్మకి. చేపల బజారుకి వెళ్ళి."

"ఏం చెప్పారు?"

"గౌరమ్మ చెప్పలేదు, అన్నాను. ఇంకేటీ చెప్పలేదు. ఎలా తెలుసని ఆవిడ అడిగింది. నాకు తెలుసంతే అన్నాను."

"ఆ ఒక్క మాట చాలు మేడమ్, మీ మీద కేసు పెట్టడానికి. మీకు తెలుసా?"

"తెలుసు."

అతను కలం కింద పెట్టాడు. తర్వాత, అడగాల్సినవాటిలో లేని ప్రశ్న ఒకటి అడిగాడు. "అప్పుడావిడ ఏమంది?"

"ఏటీ అనలేదండి. గంప అక్కడే వదిలీసి, బజారు రెండో చివరికి నడిచీసింది. అక్కడ గౌరమ్మ ఒక్కర్తీ కూర్చునుంది. పక్కన జాగా చేసుకుని కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నాను వచ్చీసేను."

"ఏం మాట్లాడుకున్నారు?"

"నాను వినలేదు" అంది దమయంతి.

అతను ఆ మాట రాసుకున్నాడు. నన్ను మళ్ళీ బీరువాలో పెట్టారు. ఇక్కడ ఎవరి గొంతూ వినిపించదు. కేసు ఏమవుతుందో తెలియదు. ఆ బజారు చివర ఇద్దరు ఆడవాళ్ళు చెప్పుకున్న మాటలు ఏ తీగ మీదా లేవు, ఏ సంతకం కిందా లేవు. వాటి కోసం ఎవరూ నన్ను బయటికి తీయరు.